తెలుసుగారి కంప్యూటర్

మా బావకి ఫ్యాక్టరీలో పెట్టిన పేరు తెలుసుగారు. ఎవరేం చెప్పబోయినా ముందు "తెలుసు" అనేయడం ఆయన అలవాటు. వాళ్ళు ఆ పేరు ఆయన వెనకాల అంటారు, నేను ఇక్కడ అంటున్నాను, తేడా అంతే. పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ చూస్తాడు. కొత్తగా వచ్చిన మోటార్లనీ వాల్వులనీ అరల్లో సర్ది, వాటి ప్యాకింగ్ చెదరకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. అక్కడ కవరు చిరిగితే సరుకు పాతదైపోయినట్టే లెక్క.

ఆ చాదస్తాన్ని ఇంటికీ మోసుకొచ్చాడు. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ ఇప్పటికీ అలాగే ఉంది. సోఫా కవరు విప్పనివ్వడు. ఎండాకాలంలో దాని మీద కూర్చుని లేస్తే చర్మం సగం అక్కడే ఉండిపోతుంది. ఒకసారి మా అక్క ఆ కవరు కత్తిరించబోతే వారం పాటు ఆవిడతో మాట్లాడలేదట. నేనైతే వారానికొక కవరు కత్తిరించేదాన్ని.

వాళ్ళమ్మాయి కాలేజీలో చదువుతోంది. కంప్యూటర్ ఆటల్లో దిట్ట. అమ్మాయిలంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కలిసి ఆడే ఒక జట్టులో కష్టపడి చోటు సంపాదించుకుంది. ఆ జట్టు పెద్ద పోటీకి వెళ్ళబోతోంది. పాత కంప్యూటర్ ఆ ఆటని మోయలేకపోతోందంటే కొత్తదానికి విడిభాగాలు కొన్నారు. షాపులోనే బిగించి ఇస్తామన్నారు వాళ్ళు. "స్క్రూలు బిగించడమేగా, తెలుసు" అని మా బావ అన్నీ ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి, తనే బిగించాడు. పిల్లని చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆట మొదలై కాస్త ఊపందుకోగానే టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. జట్టు కెప్టెన్ ఓపిక పట్టింది కానీ, అసలు మ్యాచిలో మధ్యలో ఆరిపోతే ఇంకొకరిని తీసుకుంటానని ముందే చెప్పేసింది. పిల్లకి అన్నం సహించడం మానేసింది.

"నాన్నా, ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోంది. దాని మీద ఫ్యాన్ ఒకసారి ఊడదీసి చూద్దాం" అంది.

"తెలుసు. వేడి కాదు, కరెంటు" అన్నాడు ఈయన.

ఇక చూడండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంట్లో ప్రతిదాన్నీ తిట్టడం మొదలైంది. ముందు కరెంటు పాపం. స్టెబిలైజర్ వచ్చింది. తర్వాత మా అక్క మిక్సీ పాపం. పిల్ల ఆడుకునేంతసేపూ ఇంట్లో పచ్చడి బంద్. ఆ తర్వాత పక్క వాటాలో ఉన్న నా వాషింగ్ మెషీన్ మీద పడ్డాడు.

"బావా, నా మెషీన్‌కి వేరే మీటరుంది" అన్నాను.

"తెలుసమ్మా. అయినా లాగుతుంది" అన్నాడు.

ఏం లాగుతుందో ఆయనకే తెలియాలి. చివరికి కంప్యూటర్‌లో ఉన్నవన్నీ చెరిపేసి మళ్ళీ ఎక్కించాడు. పిల్ల ఎంతో కష్టపడి దాచుకున్న ఆటలన్నీ పోయాయి. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే మనమే అతికించామంటాడు.

అసలు మ్యాచి రానే వచ్చింది. సగంలో ఆరిపోయింది. జట్టు ఓడిపోయింది.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాక పిల్ల స్క్రూడ్రైవర్ తీసుకుంది. నేను టార్చి పట్టుకున్నాను. ఫ్యాన్ ఊడదీసి తిరగేసింది. అడుగున, ప్రాసెసర్‌కి ఆనాల్సిన రాగి బిళ్ళ మీద, పల్చటి ప్లాస్టిక్ కాగితం చక్కగా అంటుకుని ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసే ఉంది. తీస్తే సరుకు పాతదైపోతుందిగా మరి. వేడి బయటికి పోయే దారిని మా బావ కవరు వేసి కాపాడాడు.

పిల్ల దాన్ని ఒలిచేసి, అంతా తుడిచి, వేడిని లాగే పేస్టు మళ్ళీ రాసి బిగించింది. సాయంత్రం దాకా ఆడినా ఆగలేదు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే పిల్ల కెప్టెన్‌కి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, మిగిలిన స్క్రూలు బిగిస్తూ జరిగింది చెప్పింది. అవతల మిగతా అమ్మాయిలు కూడా ఉన్నట్టున్నారు, ప్లాస్టిక్ మాట వినగానే ఒకటే నవ్వు.

"నవ్వకండే" అని కసిరి, కెప్టెన్ అడిగింది. "ఇంతకీ ఎవరు బిగించారు? వేరేవాళ్ళ తప్పయితే చెప్పు, ఇంకో అవకాశం ఇస్తాను. నీ మిషన్ నువ్వే ఇలా బిగించుకుంటే మాత్రం నావల్ల కాదు."

పిల్ల తలెత్తింది. గుమ్మంలో మా బావ, ఒక కాలికి చెప్పుతో నిలబడి ఉన్నాడు.

"నేనే బిగించాను" అంది.

"సరే అయితే. ఏమనుకోకు" అని కెప్టెన్ ఫోన్ పెట్టేసింది.

ఆయన రెండో చెప్పు కూడా విప్పి, స్నానానికి వెళ్ళిపోయాడు.

"ఎందుకే అలా చెప్పావు?" అన్నాను.

"నాన్న అక్కడే ఉన్నారు పిన్నీ. వాళ్ళంతా నవ్వుతున్నారు" అంది.

సిగ్గుపడ్డాడేమో, రేపో మాపో పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట అంటాడేమోనని నేనూ ఎదురుచూశాను. నా బుద్ధి తక్కువ.

ఆదివారం ఫ్యాక్టరీ నుంచి ఆయన స్నేహితుడు వచ్చాడు. పిల్ల టీ తెచ్చింది. కంప్యూటర్ బాగయిందా అని ఆ పెద్దమనిషి అడిగాడు.

"బాగవకేం? మా అమ్మాయే బిగించిందిలే. చిన్నపిల్ల కదా, కింద ప్లాస్టిక్ తియ్యాలని తెలీదు. వేడెక్కుతోందని నేనే పట్టుకున్నాను" అన్నాడు మా బావ, పిల్ల ముందే, కళ్ళార్పకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. పిల్ల నా కాలు గట్టిగా తొక్కింది.

"అవునంకుల్, నాన్నే పట్టుకున్నారు" అంది.

ఆయన ఖాళీ కప్పు చాచి ఇంకొంచెం పొయ్యమన్నాడు. ఆ పిల్లే పోసింది.