అక్క జప్తు చేసిన డిటెక్టివ్

పటాన్‌చెరులోని ఒక మందుల కర్మాగారంలో నేను నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఇతరులు చేసిన పరీక్షల కాగితాలను సరిచూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. అంకె బాగుందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. ఆ అంకె ఎట్లా వచ్చిందన్నది మొదటిది. ఇన్నేళ్లుగా పొద్దంతా ఇదే పని కాబట్టి, సాయంత్రం కంపెనీ బస్సు దిగి బీరంగూడలో ఇల్లు చేరాక కూడా ఈ బుద్ధి నన్ను వదలదు. దీనిమీద అందరికంటే ఎక్కువ ఫిర్యాదులున్నది మా అక్కకే.

అక్క లక్డారం వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. నా భర్త పోయిన తర్వాత ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా చర్చిలో ఆదివారం ఆరాధనలో బైబిలు వాక్య పాఠం చదవడం చాలా ఏళ్లుగా ఆమె వంతు. మైకు పనిచేయని రోజున కూడా ఆమె గొంతు చివరి బెంచీ దాకా వినిపించేది. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది, కుడిచేయి చాలా వరకు కోలుకుంది. మాట మాత్రం తిరిగి రావడానికి మొరాయించింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది. చెప్పదలచుకున్నది కూడా ఆమెకు స్పష్టంగా తెలుసు. పెదవుల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. అప్పటిదాకా ముందు వరసలో కూర్చునే మనిషి ద్వారం పక్కన చివరి బెంచీకి మారింది. ఒక ఆదివారం అక్కడి నుంచే పాఠం చదివే బల్లవైపు చూపించి నాతో ఒక్క మాట అంది: "మళ్ల."

ఆ ఒక్క మాటలో ఆమె కోరిక మొత్తం ఉంది. అది నెరవేరుతుందని నేను మాట ఇవ్వలేదు. ఆధారం లేని మాట ఇవ్వడం నాకు చేతకాదు.

రోజూ అరగంట పైకి చదివించమని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. చిన్న వాక్యాలున్న పుస్తకమేదైనా సరే అంది. నేను ఒకటో తరగతి వాచకం కొనుక్కొచ్చాను. అక్క దాన్ని తెరిచింది, మొదటి పేజీలోని బొమ్మలు చూసింది, మూసి నా ఒళ్లో పెట్టింది. కోప్పడలేదు. ఊళ్లకు ఊళ్లకే అక్షరాలు నేర్పిన మనిషికి నేను ఏం తెచ్చిచ్చానో అప్పుడు తెలిసింది.

మంచం కింద ఆమెకొక రేకు పెట్టె ఉంది. బడిలో వెనక బెంచీల్లో పట్టుబడిన వస్తువులన్నీ ఆమె అందులో దాచేది: బొంగరాలు, సినిమా బొమ్మల కార్డులు, పాకెట్ సైజు నవలలు. సంవత్సరం చివర వచ్చి అడిగినవాళ్లకు తిరిగి ఇచ్చేది. నవలలు అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. వాటిలో ఒకదానికి ఖాకీ అట్ట వేసి, పైన చక్కటి దస్తూరితో సాంఘిక శాస్త్రము అని రాసి ఉంది. లోపల పాతకాలపు అనువాద డిటెక్టివ్ నవల. అసలు అట్ట, మొదటి పేజీలు లేవు కాబట్టి రచయిత ఎవరో, కథ పేరేమిటో మాకు ఈనాటికీ తెలియదు. ముప్పై ఏళ్లు పుస్తకాలు జప్తు చేసిన అక్క వాటిలో ఒక్కటీ చదవలేదు.

ఆ నవలలో వాక్యాలు మూడు, నాలుగు మాటలకు మించవు. ఒక వాక్యంలో వాన కురుస్తుంది, తర్వాతి వాక్యంలో తలుపు తెరుచుకుంటుంది, ఆ తర్వాతి వాక్యంలో లోపలికి వచ్చిన ఆమె అబద్ధం చెబుతుంది. థెరపిస్టు అడిగిన పుస్తకం సరిగ్గా ఇదేనని నాకు తోచింది.

మొదటి నెల రోజుకు రెండు పేజీల చొప్పున నేనే చదివాను, అక్క వింది. డిటెక్టివ్ ఏదో పెద్ద నగరంలో అద్దె కట్టలేని ఆఫీసులో ఒంటరిగా ఉంటాడు. ఎవరి మాటా నమ్మడు. అడిగినదే మళ్లీ అడుగుతాడు, తన్నులు తింటాడు, లేచి మళ్లీ అక్కడికే వెళ్లి అదే అడుగుతాడు. నిజం చెప్పాలంటే అతను నాకు సహోద్యోగిలా అనిపించాడు. అతని రచయితతోనే నాకు పేచీ. ఆరు గుండ్ల తుపాకీ ఒక అధ్యాయంలో ఎనిమిదిసార్లు పేలింది. నేను వెనక్కి తిరిగి లెక్కపెట్టి మరీ చెప్పాను. తలమీద దెబ్బ తిని గంటల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నవాడు లేచి కారు నడపలేడని ఇంకొక రోజు చెప్పాను. తర్వాత అతని ముక్కుకు ఎవరో క్లోరోఫాం రుమాలు అదిమారు, రెండో వాక్యంలోనే అతను నేల మీద ఉన్నాడు. నేను పుస్తకం మడిచి, ఆ ద్రావకం మా ప్రయోగశాలలో ఉంటుందని, దానితో మనిషి పడిపోవడానికి నిమిషాలు పడతాయని వివరించడం మొదలుపెట్టాను.

అక్క చేయి ఎత్తింది. "ఇగ సప్పుడు చెయ్యకు. పండనియ్యి వాణ్ణి."

పక్షవాతం వచ్చిన తర్వాత, ఎవరూ అందించకుండా, ఆగకుండా ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి మాటలవి. ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. దానికి కారణం నవలే అని నేను చెప్పలేను. అదే రోజు, అదే నిమిషంలో, నవల లేకుండా ఏమయ్యేదో చూడటానికి నాకు ఇంకో అక్క లేదు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. సాయంత్రం టీ అయ్యాక రోజుకొక పేజీ అక్క చదవాలి, నేను వినాలి. నేనొక నోటు పుస్తకంలో గీతలు గీసి తేదీ, పేజీ సంఖ్య, పట్టిన సమయం, ఆగిన చోట్లు రాసేదాన్ని. కింద, మా కంపెనీ అలవాటు ప్రకారం, సరిచూసినట్టు సంతకం చేసేదాన్ని. సంతకం చూసినప్పుడల్లా అక్క నన్ను "పోలీసు" అనేది. నెలలు గడిచే కొద్దీ సమయం తగ్గింది. పేజీ కాస్తా రెండు పేజీలైంది. ఒక ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, టీచరమ్మ మళ్లీ పాఠం చదవగలదా అని అడిగారు. నేను నోటు పుస్తకం గుర్తు చేసుకుని చదవగలదన్నాను. ఆయన రెండు వారాల తర్వాతి ఆదివారం ఆమె వంతని రాసుకున్నారు. ఆ మాట విన్న సాయంత్రం అక్క బీరువాలోంచి తెల్ల చీర తీసి ఇస్త్రీకి వేయించింది.

దాని తర్వాత నాలుగో రోజు నూట అరవై ఒకటి, నూట అరవై రెండు పేజీలు ఆమె వంతుకు వచ్చాయి. నూట అరవై ఒకటి పూర్తయ్యాక ఆమె కాగితం తిప్పింది. కుడిచేతి వేళ్లలో ఇంకా స్పర్శ సరిగా లేదు. రెండు కాగితాలు కలిసి తిరిగాయి. ఆమె ఆగకుండా చదివింది. డిటెక్టివ్ హోటల్ మెట్లెక్కాడు, గది తలుపు తట్టాడు, లోపల ఎవరో నీళ్ల కుళాయి కట్టేశారు. చక్కగా, ఎక్కడా తడబడకుండా వచ్చింది. పేజీ సంఖ్య రాసుకుందామని నేను వంగి చూశాను. తెరిచి ఉన్నది నూట అరవై నాలుగు. అందులో హోటల్ లేదు, కుళాయి లేదు. ఒక శవయాత్ర ఉంది.

 అనుమానం వచ్చిన వెంటనే ప్రకటించకూడదు, ముందు పరికరాన్ని ఇంకోసారి చూడాలని మా దగ్గర నేర్పుతారు. ఆమె వంటింట్లోకి వెళ్లాక వెనక్కి తిప్పాను. నూట అరవై రెండో పేజీలో హోటల్ మెట్లు ఉన్నాయి, కుళాయి కూడా ఉంది. అక్క చదవలేదు, అప్పజెప్పింది. అంటే నా నోటు పుస్తకంలో నెలల తరబడి నేను సంతకాలు పెట్టింది ఆమె చదువుకు కాదు, జ్ఞాపకశక్తికి. నమూనా కొత్తదేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రయోగశాలలో ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే నేను ఆ కాగితాలన్నీ వెనక్కి పంపేదాన్ని. నేను అయ్యగారికి ఇచ్చిన మాటకు కూడా ఆధారం లేకుండా పోయింది. పది రోజుల్లో ఆమె సభ ముందు నిలబడి జ్ఞాపకం దారి తప్పితే, మళ్లీ ఎప్పటికీ ఆ బల్ల దగ్గరికి వెళ్లదు.

ఆమె వచ్చి కూర్చున్నాక అడిగాను. దాచిపెట్టి అడగడం నాకు రాదు. పేజీ చూపించి, ఇది చదవలేదు కదా అన్నాను. ఆమె ముఖంలో నేను అనుకున్న అపరాధం కనిపించలేదు. బడిలో పిల్లలు అర్థంలేని ప్రశ్న అడిగితే చూసే చూపు కనిపించింది.

"ఎప్పుడన్న... పాఠం సూసుకోకుంట... క్లాసుకు పోయిన్నా నేను?"

అది నిజం. ఉద్యోగం చేసినన్నాళ్లూ ముందురోజు రాత్రి మర్నాటి పాఠాన్ని పైకి చదువుకోకుండా ఆమె బడికి వెళ్లలేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన పాఠమైనా సరే. నేను కంపెనీకి వెళ్లిన తర్వాత, ఖాళీ ఇంట్లో, తన సాయంత్రపు పేజీని ఆమె అట్లాగే పైకి చదువుకునేది. ఎన్నిసార్లు అని అడిగాను. చెప్పడానికి ప్రయత్నించి, విసిగి, పుస్తకం లాక్కుని తను మొదట చదివిన పేజీ తెరిచి అంచు మీద వేలు పెట్టింది.

అక్కడ పెన్సిలు చుక్కలున్నాయి. ఆ చుక్కలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వెనక బెంచీ కుర్రాళ్లెవరో పెట్టిన పాత గీతలని అనుకున్నాను. అనుకోవడం నాకు నిషిద్ధం, అయినా అనుకున్నాను. చదివిన ప్రతిసారికీ ఆమె ఒక చుక్క పెట్టింది. ఆమె చదివిన మొదటి పేజీ అంచున నలభై మూడు చుక్కలున్నాయి. రెండు నెలల తర్వాతి పేజీల దగ్గర ఇరవై చిల్లర. నూట అరవై రెండో పేజీ దగ్గర తొమ్మిది. ఆమె చదవని పేజీల అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

చాలాసేపు ఆ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నా నోటు పుస్తకం కొలిచింది సాయంత్రపు ఐదు నిమిషాలను. అసలు పని జరిగింది పగలు, దాని లెక్క ఆమె నాకంటే నిజాయితీగా రాసుకుంది. నలభై మూడు తొమ్మిదికి రావడానికి ఇంకో కారణం ఉండవచ్చు. ఓపిక తగ్గి ఉండవచ్చు, చిన్న పేజీలు తగిలి ఉండవచ్చు. ఆ మాట పైకే అన్నాను. అక్క పుస్తకం నా చేతుల్లోకి తోసింది.

"ఇయ్యి. సూడనిది ఇయ్యి."

నూట ఎనభై దాటిన తర్వాత ఒక పేజీ తెరిచి ఇచ్చాను. ఆమె చదివింది. పదకొండు నిమిషాలు పట్టింది. ఎన్నోచోట్ల ఆగింది, రెండు వాక్యాల దగ్గర వెనక్కి వెళ్లింది. నేను గమనించిన సంగతి వేరే: ఆమె పుస్తకం మూయలేదు. ఆగిన ప్రతిచోటా వేలు కింద పెట్టి, డిటెక్టివ్ లేచినట్టే లేచి, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది.

మర్నాడు అయ్యగారి దగ్గరికి వెళ్లి, ముందు చెప్పిన మాటను సవరించుకున్నాను. చూసుకుని వచ్చిన పాఠం ఆమె చదవగలదని, చూడనిది చదివితే చాలా ఆలస్యమవుతుందని, బల్ల దగ్గర మధ్యలో ఆగిపోవచ్చని, ఎంతసేపు ఆగుతుందో నాకు తెలియదని చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నారు.

"అమ్మా, సూసుకోకుంట నేను గూడ ప్రసంగం జెయ్య. జేసిన రోజు అందరికీ తెలిసిపోతది," అన్నారు. "ఆగితె ఆగనియ్యి. మాకేం బస్సు పోతదా?"

నేను తప్పు పరీక్ష పెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. వాక్య పాఠం ఎవరికీ అప్పటికప్పుడు చేతికివ్వరు. అందరూ ఇంటి దగ్గర చూసుకునే వస్తారు. కొలవవలసింది ఆమె తొలిచూపులో చదవగలదా అన్నది కాదు, పడిన చోటు నుంచి లేవగలదా అన్నది. దానికి సంబంధించిన ఆధారం ముందురోజు సాయంత్రమే నా కళ్ల ముందుంది.

ఆ ఆదివారం ఆమె తెల్ల చీరలో బల్ల దగ్గరికి నడిచింది. నేను రెండో వరసలో కూర్చుని చేతి గడియారం చూసుకున్నాను. సగం వరకు సాఫీగా వచ్చింది. తర్వాత ఒక మాట దగ్గర ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో ఆ మాట అందించబోయారు. అయ్యగారు కూర్చున్న చోటి నుంచే చేయి కొద్దిగా ఎత్తి వారించారు. అక్క తల వంచింది, వేలు ఆ వాక్యం కింద పెట్టింది, వెనక్కి వెళ్లింది, వాక్యం మొదటి నుంచి తీసుకుంది. ఈసారి దాటింది. ఆ మౌనం రెండు నిమిషాలైనా ఉంటుందని నేను ప్రమాణం చేసి చెప్పేదాన్ని. గడియారం ప్రకారం పంతొమ్మిది సెకన్లు.

 ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా మోచేతిని ఒకసారి గట్టిగా గిల్లింది. ఒక్క ఆదివారంతో ఏదీ రుజువు కాదు. వంతుల జాబితాలో మాత్రం ఆమె పేరు మళ్లీ ఉంది.

ఆ వారమే నవల చివరికి వచ్చాం. చివరి పేజీ తనే చదువుతానంది. చూశాను, అంచున ఒక్క చుక్క కూడా లేదు. చుక్క పెట్టకుండా ముందే చూసి ఉండవచ్చని అన్నాను. "పోలీసు," అని చదవడం మొదలుపెట్టింది. డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో నిలబెట్టాడు. ఇన్ని నెలలుగా మేం వెతుకుతున్న హంతకుడి పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అక్కడ అక్క ఆగిపోయింది.

వేలు ఆ పేరు కింద ఉంది. నేను కొంచెం వంగితే కనిపిస్తుంది. ఆ మాట ఆమెకు నిజంగానే రావడం లేదా, వచ్చిన మాటను నాకోసం పట్టి ఉంచిందా అన్నది తేల్చడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. పెదవుల చివర మాత్రం ఏదో కదులుతోంది. నేను గడియారం తీసి బల్లమీద బోర్లా పెట్టి, వంగకుండా కూర్చున్నాను.