వణికింది ఆమె చెయ్యి కాదు

పన్నెండేళ్లుగా నా షెడ్డులో ఒక సొరుగుకు తాళం వేసి ఉంది. అందులో పాత గుడ్డలో చుట్టిపెట్టిన స్కోపు ఉంది, గురి చూడ్డానికి తుపాకీ మీద బిగించే దుర్బిణి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో సన్నగా గలగలమంటుంది. ఆ చప్పుడు ఇన్నేళ్లూ నేనొక్కడినే విన్నాను. దాన్ని మోసీ మోసీ అలసిపోయాను. మీకు చెబుదామని కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికి రెండు కాగితాలు చించేశాను.

ఆటోనగర్‌లో నాది లేత్ పని. అప్పట్లో పటమట వైపు ఒక చిన్న షూటింగ్ క్లబ్బు ఉండేది. ఆదివారాలు అక్కడికి వెళ్లి తుపాకులకు స్కోపులు బిగించి, గురి సరిచేసి వచ్చేవాణ్ణి. ఏ తుపాకీకి ఏది నప్పుతుందో నన్నే అడిగేవారు. పిస్తోలును చెయ్యి చాపి కాలుస్తారు, దాని మీద రైఫిల్ స్కోపు పెడితే కంటికి నలుపు తప్ప ఏమీ కనిపించదు. పది మీటర్ల పోటీ రైఫిల్‌కు అసలు అద్దాలే వద్దు, సన్నటి బెజ్జమున్న బిళ్ల చాలు. దూరానికి అమర్చిన స్కోపుతో దగ్గరి గురి అట్టను చూస్తే మసక. ఇలా జంటలు కలుపుతానని క్లబ్బులో నన్ను పెళ్లిళ్ల పేరయ్య అని పిలిచేవారు. ఆ పేరంటే నాకు చెప్పలేనంత మురిపెం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మురిపెమే నన్ను ముంచింది.

మా పక్క షెడ్డులో కరీం భాయ్ లారీ సీట్లు కుట్టేవాడు. పొద్దున టీ ఇద్దరం కలిసే తాగేవాళ్లం. ఆయన కూతురు షబానాకు అప్పుడు పదిహేడేళ్లు. ఆ పిల్లను క్లబ్బుకు తీసుకెళ్లింది నేనే. మొదటి రోజే గురి చూసే తీరు చూసి నాకు ఒళ్లు జల్లుమంది. ఊపిరి బిగబట్టిందంటే రాయే. ఇంటర్ చదువుతూనే వారానికి నాలుగు రోజులు వచ్చేది. ఆ ఏడు క్లబ్బులో స్కోపు పెట్టి కాల్చే పోటీ ఒకటి పెట్టారు. మొదటి ఇద్దరికీ మూడు నెలల శిక్షణ. షబానాకు అంతకు మించిన కోరిక లేదు. కరీం భాయ్‌కీ లేదు.

కూతురికి ఆయన స్ప్రింగు ఎయిర్ గన్ ఒకటి కొన్నాడు. దానికి ఎయిర్ గన్ కోసమే చేసిన స్కోపు తెప్పిద్దామా అని నన్ను అడిగాడు. దండగ అన్నాను. క్లబ్బులో పెద్ద రైఫిల్ మీద నుంచి తీసిన స్కోపు నా దగ్గర ఉంది. అంత పెద్ద దెబ్బకే ఆగింది, ఈ పిల్ల తుపాకీకి ఆగదా అన్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ నేను ఎవరైనా కాదు కదా, పేరయ్యను. పెద్ద రైఫిల్ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగు తుపాకీ మొదట వెనక్కి తన్ని, వెంటనే ముందుకూ ఒక కుదుపు కుదుపుతుంది. వెనక్కి తన్నే దెబ్బను తట్టుకునేలా చేసిన స్కోపు ఈ ముందు కుదుపుకు లోపల్లోపలే వదులైపోతుంది. ఆ మాట ఒకసారి ఎక్కడో విన్నాను. విని, నాకు తెలియనిదా అని కొట్టిపారేశాను.

పోటీకి ముందు రోజు సాయంత్రం క్లబ్బులో పది మందిమి ఉన్నాం. షబానా తుపాకీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నిన్నటిదాకా అట్ట నడుమ పడిన గుళ్లు ఇప్పుడు ఒకటి పైకి, ఒకటి ఎడమకి పోతున్నాయని చెప్పింది.

"స్కోపులో ఏదన్నా తేడా ఉందేమో, ఒక్కసారి చూస్తారా బాబాయ్?"

"అది పెద్ద రైఫిల్‌కే ఆగిందమ్మా, దీనికేమైద్ది? చెయ్యి వణుకుతుంది నీకు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తన కుడిచెయ్యి వైపు ఒకసారి చూసుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది.

నాకు అప్పుడే అనుమానం వచ్చిందా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. తెలియక చేశానని చెప్పుకుంటే ఎంత బాగుండేది. కానీ వచ్చింది. స్కోపు తీసేసి, గొట్టం మీదుండే మామూలు గురితో ఐదు గుళ్లు కాల్పిస్తే తేలిపోయేది. పది నిమిషాల పని. అందరి ముందూ స్కోపు విప్పితే, పేరయ్య కుదిర్చిన సంబంధం చెడిందని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే విప్పలేదు.

మర్నాడు ఆమె ఆఖరి నుంచి రెండో స్థానంలో ఉంది. కరీం భాయ్ నా భుజం మీద చెయ్యేసి, మీరు మాత్రం ఏం చేస్తారు లెండి, పిల్ల బెదిరిపోయింది అన్నాడు. నేను అవునన్నాను. ఆ పిల్లకు ఇది అచ్చిరాదు అని కూడా అన్నాను. ఆ వారమే సరిచూస్తానని తుపాకీ షెడ్డుకు తెచ్చి, స్కోపు విప్పి ఊపాను. గలగలమంది. సొరుగులో పెట్టి తాళం వేశాను. షబానా మళ్లీ క్లబ్బుకు రాలేదు. కరీం భాయ్‌తో ఆ తర్వాత తొమ్మిదేళ్లు టీ తాగాను. ఏ పొద్దునైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మూడేళ్ల కిందట ఆయన పోయాడు.

కిందటి నెల షుగర్ పరీక్షకని పటమటలో ఒక లాబ్‌కు వెళ్లాను. రక్తం తీయడానికి వచ్చింది షబానా. నాన్న స్నేహితుణ్ణి కదా, నన్ను చూసి సంతోషించింది. నా నరాలు దొరకవు, ఎప్పుడూ మూడు నాలుగు సార్లు పొడుస్తారు. ఆ మాటే చెప్పాను.

"కంగారు పడకండి బాబాయ్. నా చెయ్యి వణికిద్ది కదా, అందుకే ఎవరికైనా రెండు సార్లు చూసుకునే గుచ్చుతా."

ఒక్క పోటుకే దొరికింది. చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను. పన్నెండేళ్లుగా ఈ పిల్ల లేని వణుకును నమ్ముకుని బతుకుతోంది. నేను ఇచ్చిన వణుకు అది. ఇంక ఆగలేకపోయాను. మోచేతి మడతలో దూదితో అక్కడే మొత్తం చెప్పేశాను. స్ప్రింగు సంగతి, సొరుగు సంగతి, నాకు అనుమానం వచ్చిన సంగతి. ఆమె విన్నంతసేపూ సీసా మీద నా పేరు చీటీ అంటిస్తూనే ఉంది.

"నాన్నకు తెలుసా?" అని మాత్రం అడిగింది.

తెలియదన్నాను. తిట్టినా బాగుండేది. గ్లౌజు తీసేసి, కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్లు విడదీసి కాసేపు చూసుకుంది. తర్వాత బయటికి తొంగిచూసి ఇంకొకరి పేరు పిలిచింది. నేను లేచి వచ్చేశాను.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించాలని నేను అడగనూ లేదు, అడిగే మొహం నాకు లేదు. అయినా బందరు రోడ్డు మీద నడుస్తుంటే ఒళ్లు తేలికైపోయింది. సిగ్గు వేసింది, ఇంత హాయిగా ఉన్నందుకు. ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

మరి మీకెందుకు చెబుతున్నానంటారా? అబద్ధం పది మందిలో చెప్పాను. నిజం ఒక్కరి చెవిలో చెబితే సరిపోదు. ఆ సాయంత్రం క్లబ్బులో నా మాటకు నవ్విన వాళ్లలో మీరూ ఒకరు కావచ్చు. ఆ పిల్ల మీకు ఎప్పుడైనా గుర్తొస్తే, చెయ్యి వణికే షబానా అనుకోకండి. ఆ అమ్మాయికి ఆట వచ్చు. ఆ రోజు మద్దెలే ఓడు. ఓడు మద్దెల ఆమె చేతిలో పెట్టింది నేను.