అవ్వ దీపం ఆర్పిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘ఆర్పు’ అనే మాట నోట రాకూడదు. పొయ్యి మీద నీళ్లు చల్లవచ్చు, కుంపటి చల్లార్చవచ్చు. దీపాన్ని మాత్రం ‘కొండెక్కించాలి’ అనాలి. ఒకసారి నేను నోరు జారి దీపం ఆర్పేదా అని అడిగితే మా అవ్వ, అంటే నాన్నకు అమ్మ, నెత్తిన మొట్టికాయ వేసి దేవుడి ముందు లెంపలు వేయించింది. పుంగనూరులో మా వీధి వీధంతా ఆమె నోటికి జంకేది. తాతయ్య సరేసరి.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో మా వీధివాళ్లంతా వాటాలు వేసుకుని ఒక పాత ఆయిల్ ఇంజను తెచ్చుకున్నారు. మదనపల్లెలో కరెంటు దీపాలు చూసి వచ్చిన తాతయ్యకు పుట్టిన ఆశ అది. ఇంటికొక వాటా, ఇంటికొక బల్బు. ఒకరి పెత్తనం లేదు, అందరూ యజమానులే. అందుకే దాన్ని ‘వాటా కరెంటు’ అనేవారు, అనేటప్పుడు మెడ కాస్త నిక్కేది కూడా. ఇంజను మా పెరట్లో రేకుల కొట్టంలో ఉండేది. వీధి మొత్తానికి కరెంటు పంపే మెయిన్ పిడిని మా వసారా గోడకు, పిల్లలకు అందకుండా బాగా ఎత్తులో బిగించారు. పెద్దమనుషులను అడగకుండా ఎవరూ దాన్ని దించకూడదని వాటాదారులంతా కట్టుబాటు చేసుకున్నారు. ఒక ఇంటి కోసం వీధంతా చీకటి కావడం న్యాయం కాదని వాళ్ల ఆలోచన.

తీగలు లాగిన మేస్త్రీ మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే ఆ మనిషిని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ దించండి అని. మగవాళ్లంతా తలలు ఊపారు. అవ్వ తలుపు చాటున నిలబడి విన్నది. బల్బు వెలగగానే దానికి దండం పెట్టి, స్విచ్చుకు కుంకుమ బొట్టు పెట్టింది. ఇంజను ఆపే వేళకు బల్బు కూడా ‘కొండెక్కేది’.

మా పక్కిల్లు గాజులు అమ్ముకునే ముస్లింలది. ఆ ఇంటి కోడలిని పిల్లలమంతా ఆపా అని పిలిచేవాళ్లం. వాళ్ల మాటలో అక్క అని అర్థం. ఆపాకు అప్పటికి ఒక చంటిబిడ్డ. పగిలి, అతుకు పెట్టడానికి కూడా పనికిరాని రంగురంగుల గాజుముక్కలు నాకోసం డబ్బాలో దాచిపెట్టేది. మా అవ్వకు మడి ఎక్కువ. ఆపాను ముట్టుకునేది కాదు. అయినా నడిమి పిట్టగోడ మీదుగా ఇద్దరూ రోజుకు నాలుగుసార్లయినా మాట్లాడుకోకపోతే వాళ్లకు తోచేది కాదు.

ఇక మా వీధి ఆడవాళ్లందరూ కలిసి చేసిన పొరపాటు ఒకటుంది. కరెంటు తీగ ఇంట్లోకి వచ్చే చోట గోడకు ఒక ఇనుప కొక్కెం కొట్టారు. ఎంత బరువేసినా కదలని కొక్కెం. ఊరికే ఎందుకుండాలని బట్టలారేసే ఇనుపతీగ దండేన్ని తెచ్చి దానికే కట్టారు. మా ఇంట్లోనూ అంతే. ఎండాకాలమంతా ఏమీ కాలేదు. ఐపసి నెలలో, అంటే దీపావళి ముందు, వానలు పట్టుకున్నాక, కరెంటు తీగకు చుట్టిన గుడ్డ నానిపోయి కొక్కేనికి అంటుకుని, కరెంటు దండెంలోకి దిగినట్టుంది. ఎవరూ చూసుకోలేదు.

ఆ రోజు ఎదురింటి పెద్దాయన కూతురికి నిశ్చితార్థం. కుప్పం నుంచి మగపెళ్లివారు వచ్చి ఉన్నారు. కరెంటు దీపాల కింద తాంబూలాలు మార్చుకోవాలని ముహూర్తం సాయంత్రానికి పెట్టుకున్నారు. ఇంజను మొదలైంది. మా అవ్వ దేవుడి గూట్లో దీపం పెట్టి పెరట్లోకి వచ్చింది, వెనకే నేను. గోడ అవతల ఆపా ఒక్క కేక వేసింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పిట్టగోడ మీదుగా తొంగి చూశాను. తడి నేల మీద ఉత్త కాళ్లతో ఆపా, చేతిలో దండెం. వదలడం లేదు, వదలలేకపోతోంది. ఒళ్లంతా అదిరిపోతోంది. ఆమె అత్త చేతులు చాచి పరుగెత్తి వస్తోంది.

“ముట్టొద్దు! ముట్టినావంటే నువ్వూ పోతావు!” అని అరిచి అవ్వ వసారాలోకి పరుగు తీసింది. “ఆర్పండి! మెయిన్ ఆర్పండి!”

అక్కడే కూర్చుని ఉన్న తాతయ్య కొయ్యబారిపోయాడు. దీపాలవేళ ఆ నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు. “ఎదురింట్లో తాంబూలాలు పుచ్చుకుంటాండారే...” అని నసిగాడు. అవ్వ ఆయన్ని పక్కకు తోసి, ఆయన కూర్చున్న ముక్కాలి పీట లాక్కుని, దానిమీదికెక్కి పిడి పట్టుకుని కిందికి దించేసింది.

వీధి వీధంతా చీకటి. ఎదురింట్లో మేళం ఆగిపోయింది. అవ్వ అప్పటికే పక్కింటి పెరట్లో ఉంది. నేను లాంతరు పట్టుకుని వెళ్లేసరికి ఆ బురదలో చతికిలబడి, ఆపా తల ఒళ్లో పెట్టుకుని గుండె మీద రుద్దుతోంది. “ఊపిరి తీసుకో తల్లీ, నీ బిడ్డ ఏడస్తాండాది సూడు” అని అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. ఎంతసేపటికో ఆపా దగ్గింది. మా అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే. అరచేయి కాలిపోయింది గానీ, ఆపా బతికింది.

ఎదురింటి సంబంధం మాత్రం నిలవలేదు. శుభం పలికే వేళ దీపం ఆరిందని కుప్పంవాళ్లు తాంబూలాలు పుచ్చుకోకుండానే లేచి వెళ్లిపోయారు. మర్నాడు మా వసారాలో వాటాదారుల సమావేశం. పెద్దాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ మగవాళ్ల ముందుకు రాని అవ్వ గడప దాటి వచ్చి నిలబడింది.

“ఎవుర్ని అడిగి ఆర్పినావమ్మా?” అని అడిగాడాయన.

“నీ బిడ్డకు అన్యాయమే జరిగిందప్పా. దానికి నన్నేమన్నా పడతాను,” అంది అవ్వ. “అయితే మిమ్మల్నందర్నీ అడిగొచ్చే లోపల ఆ పిల్ల పోయింటే, ఎవుర్ని అడిగి తెచ్చుకుందుము?”

ఆ పెద్దాయనే లేచి, పిడిని కిందికి దింపి బిగించండి, చిన్నపిల్లకైనా అందాల అన్నాడు. కట్టుబాటు ఆ పూటే మారింది. ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరినీ అడగకుండా మెయిన్ దించవచ్చు. సాయంత్రానికి వీధిలో ఒక్క దండెం కూడా ఆ కొక్కేలకు లేదు. అయినా ఆయన మా అవ్వతో మళ్లీ మాట్లాడలేదు. మరుసటి ఏడు కూతురిని కలికిరికి ఇచ్చినప్పుడు కూడా మా ఇంటికి పిలుపు రాలేదు. అవ్వకు ఆ బాధ చివరిదాకా ఉండిపోయింది. కానీ ఆ రోజు చేసింది తప్పని ఒక్కనాడూ అనలేదు.

పిడిని కిందికి మార్చిన రోజు వీధిలోని ఆడవాళ్లనీ పిల్లలనీ పిలిచి, ఒక్కొక్కరి చేతా దాన్ని దింపించారు. నా వంతు వచ్చినప్పుడు అవ్వ నా చేతి మీద తన చేయి వేసింది. “భయపడొద్దు. గట్టిగా ‘ఆర్పు’ అని అరువు, అందరికీ వినపడల్ల,” అంది. నేను అరిచాను. వచ్చినవాళ్లంతా నన్ను చూసి నవ్వారు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో అందరూ విసుక్కుంటారు, ఆఫీసుకు ఫోన్లు చేస్తారు. నేను మాత్రం ఎక్కడో ఎవరో, ఎవరి ప్రాణం కోసమో పిడి దించి ఉంటారని అనుకుంటాను. ఆ మనిషి ఊపిరి తీసుకునేదాకా మనం చీకట్లో ఉంటే ఏం పోయిందిలే అని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.