బోటనీ ప్రాక్టికల్ నాడు వంటావార్పు

నా ఇంటర్ రెండో ఏడాది మా నాన్నకు రెండే భయాలు. ఒకటి, బందుల గొడవలో నా పరీక్షలు పోతాయని. రెండోది, తను నోరు తెరిస్తే గుంటూరు యాస బయటపడుతుందని. దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్టులో ఏళ్ల తరబడి ఆ యాసతోనే బేరాలు చేసిన మనిషి, తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బస్సు కండక్టరుతో కూడా సైగలతో సరిపెట్టేవాడు. నిజానికి ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. టీవీ చూసి చూసి బెంగ పెట్టుకున్నాడంతే. నా పరీక్షలవగానే కొత్తపేటలో ఇల్లు ఖాళీ చేసి రేపల్లె దగ్గరి మా ఊరికి వెళ్లిపోవాలని, నన్ను అక్కడే డిగ్రీలో చేర్చాలని తీర్మానించేశాడు. నాకేమో ఇక్కడే ఉండి ఫార్మసీ చదవాలని. నన్నెవరూ అడగలేదు. ఒళ్లు మండిపోయేది.

బోటనీ ప్రాక్టికల్ నాడే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు రాజేసి, వండుకుని, అక్కడే కూర్చుని తింటూ బళ్లు ఆపేయడం అప్పటి నిరసన. పరీక్ష రాసే పిల్లల్ని ఆపబోమని వాళ్లు ముందే చెప్పారు. మా నాన్న నమ్మితేగా! నా తెల్లకోటు సంచిలో కుక్కించి, "నువ్వు నోరు మెదపకు, నేను చూసుకుంటా" అంటూ స్కూటర్ తీశాడు. పరీక్ష సెంటర్ చౌరస్తా దాటాక చింతలకుంటలో ఉంది. ప్రాక్టికల్‌కు అందకపోతే థియరీ ఎంత బాగా రాసినా ఇంటర్ తప్పినట్టే. ఇక ఫార్మసీ మాటే ఉండదు.

చౌరస్తాలో ఒకావిడ పెద్ద గంటెతో పప్పుచారు కలుపుతోంది. నాన్న ఆవిడ ముందే స్కూటర్ ఆపి, దారంతా లోలోపల వల్లె వేసుకున్న మాటలు అప్పజెప్పాడు. "అక్కా, జర పోనియ్యుండ్రి. బిడ్డకు పానం మంచిగ లేదు. దవాఖానకు పోవాలె."

ఆ అబద్ధం ఎందుకు ఆడాడో ఆయనకే తెలియాలి. పరీక్ష కన్నా రోగం మీద జాలి ఎక్కువ ఉంటుందనుకున్నాడేమో. జాలి మరీ ఎక్కువే ఉంది. ఆవిడ గంటె వదిలేసి వచ్చి నా నుదురు పట్టి చూసింది. భయంతో నాకు నిజంగానే చెమటలు పట్టి ఉన్నాయి.

"అయ్యో, పిల్ల ఎట్లయిందో సూడుండ్రి! గీ మందిల స్కూటర్ ఎట్ల పోతది? బండి తియ్యిరా తమ్మీ, ఎన్కకు తిప్పి దిల్‌సుఖ్‌నగర్ దవాఖానల చూపియ్యి!"

జెండా కట్టిన బైకు మీదున్న ఒకాయన అప్పటికే కిక్కు కొట్టాడు. చింతలకుంట ఒకవైపు, నన్ను తీసుకుపోయేది ఇంకోవైపు. నాన్న గుడ్లప్పగించి నిలబడ్డాడు. ఇక నావల్ల కాలేదు.

"దవాఖాన కాదండీ! పరీక్షండీ! బోటనీ ప్రాక్టికలండీ!" అని ఏడుస్తూ సంచిలోంచి కోటు బయటికి లాగాను.

అందరూ మా నాన్న వైపు చూశారు.

"పరీక్ష అంటే ఆపుతమా అన్నా?" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోయింది. "మేమంటే గింత భయమెందుకు మీకు?"

"తప్పయిందమ్మా" అన్నాడు నాన్న, తన సొంత యాసలో. తల ఎత్తలేదు. ఆయన్ని అలా చూడలేకపోయాను.

"సరే గని, ముందుగాల పిల్లను దింపిరా తమ్మీ."

బైకాయన నన్ను చింతలకుంటలో దింపి, "మంచిగ రాయి చెల్లె" అని వెళ్లిపోయాడు. అప్పటికే లోపల మొక్కలు పంచుతున్నారు. కాండానికి బ్లేడుతో పెట్టిన మొదటి కోత వంకరగా వచ్చింది, రెండోది పలచగా కుదిరింది. మైక్రోస్కోప్‌లో కాండం గుండ్రంగా కనబడగానే ఊపిరి పీల్చుకున్నాను.

పరీక్షయ్యాక నడుచుకుంటూ చౌరస్తాకు వచ్చేసరికి మా నాన్న రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని విస్తట్లో పప్పుచారన్నం తింటున్నాడు. ఆవిడకు పోచంపల్లి చీరల్లో అసలుకీ నకిలీకీ తేడా ఏమిటో గుంటూరు యాసలో విడమరిచి చెబుతున్నాడు. నాకు నవ్వాగలేదు. నన్నూ కూర్చోబెట్టి వడ్డించారు.

స్కూటర్ ఎక్కాక ధైర్యం చేసి అడిగాను. "నాన్నా, మనం వెళ్లిపోవడం ఖాయమేనా?"

"నువ్వు పరీక్షలో ఉన్నప్పుడు ఆవిడ 'మీ ఇల్లెక్కడ అన్నా?' అని అడిగింది" అన్నాడు. "రేపల్లె దగ్గరని చెబుదామని నోరు తెరిచాను. కొత్తపేట అని వచ్చింది."

ఆ వేసవిలో మేం సామాన్లు సర్దలేదు.