స్టెబిలైజర్ల ఎమ్మెల్యే

మా అక్క జగదాంబ మొగుడు అప్పలసూరి ఎమ్మెల్యే ఎలా అయ్యాడని అడిగితే నేను చెప్పలేను. నాకే కాదు, ఆయనకీ తెలియదు. టాటానగర్ రైల్వేలో ఉద్యోగం చేసే నాకు బండి ఆలస్యమైతే కారణం దొరుకుతుంది. దీనికి మాత్రం నేటికీ దొరకలేదు.

బావ మొదట్లో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో కూలీ. డెబ్బైల చివర్లో టాటానగర్ శివారు గమ్హరియాలో రేకుల షెడ్డు వేసి, తీగ చుట్టడానికి ఆడవాళ్లను పెట్టుకుని, స్టెబిలైజర్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఉక్కు కంపెనీవాళ్ల అగ్రికో క్వార్టర్లలో కంపెనీ కరెంటు, దీపం కదలదు. గమ్హరియా కరెంటుకి మాత్రం పూటకో బుద్ధి. టీవీలు వచ్చాక, ఆదివారం సినిమా మధ్యలో బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుపోయేది. దాంతో 'జగదాంబ' అని అక్క పేరున్న డబ్బా ప్రతి ఇంట్లోనూ చేరింది. అది చెడితే బావే స్కూటరు మీద వెళ్లి బాగుచేసేవాడు. పిలిస్తే వస్తాడని పేరు పడింది.

ఆ పేరే కొంప ముంచింది. ఎనభై అయిదు ఎన్నికల ముందు బస్తీ పెద్దలు షెడ్డుకొచ్చి, "ఖడే హో జాయియే, సూరీ బాబూ" అని పోటీకి నిలబడమన్నారు. కాదనడం ఆయనకు రాదు. పార్టీ లేకుండానే నిలబడ్డాడు. మొదటి సభలో నోరు పెగలక, కరెంటు చక్కబెడతానని తనకు తెలిసిన ఒకే ఒక్క మాట అన్నాడు: "బిజిలీ సీధీ కర్ దూంగా." చప్పట్లు మోగిపోయాయి. ఇంటికొచ్చాక అక్క అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏటయ్యా, కరెంటు సక్కంగా వత్తే మన డబ్బా ఎవుడు కొంతాడు?"

ఆ సంగతి బావకు తట్టనే లేదు! కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి గురించి విన్నానుగానీ, వాడు మా ఇంట్లోనే ఉంటాడనుకోలేదు.

"ఓడిపోతాన్లే," అన్నాడు చివరికి. గెలిచాడు.

పట్నా అసెంబ్లీలో జరిగేది ఆయనకు సగం అర్థమయ్యేది కాదు. కరెంటు ఆఫీసు చుట్టూ మాత్రం విడవకుండా తిరిగాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు వస్తున్నాయని, ముందు ఏ వైపు పెట్టమంటారని ఒకనాడు అధికారి అడిగాడు. ఆ సాయంత్రం బావ మా క్వార్టరుకి వచ్చాడు.

"ఒరే భీమారావూ, మన గమ్హరియాని ఎనక్కి ఎట్టమంటే ఎవులికీ తెల్దు. ఇంకో రెండేళ్లు సెడ్డు నడుత్తాది. తీగ సుట్టే ఆడోలు బతుకుతారు. ఏటి సెయ్యమంతావు?"

"నీకు ఓట్లేసినోలు ఎవులు బావా?"

"గమ్హరియావోలే. ఆ ఆడోలూ ఏసేరు."

"మరింకేటి?"

"అదే తెలక వచ్చేను."

నాకు ఒళ్లు మండింది. నిర్ణయం ఆయనది, నిద్ర చెడింది నాకు. మర్నాడు గమ్హరియాకే ముందని చెప్పి వచ్చాడు. ఎందుకన్నావని అడిగితే, "నోరు అలాగ తిరిగిపోనాది" అన్నాడు.

కొత్త కరెంటు వచ్చిన రోజు దండలు వేశారు, లడ్డూలు పంచారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది షెడ్డులోని ఆడవాళ్లే. ఆ దసరాకి డబ్బా అడిగిన నాథుడు లేడు. బావ పనివాళ్లను ఒక్కొక్కరినే మానమన్నాడు. ఎవరిని తిట్టుకోవాలో నాకు తెలియలేదు.

పొద్దున్నే జనం బావ ఇంటి వసారాలో పనుల కోసం చేరేవారు. ఒకరోజు నేనక్కడ ఉండగా, ఆ వరసలో నూకమ్మ కనిపించింది. షెడ్డు పెట్టిన నాటి నుంచీ తీగ చుట్టిన మనిషి. బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"బాబూ, మా ఇంటిలో లైటు పట్టపగలు నాగ ఎలుగుతంది. నీ సలవే. పనే నేదు. ఎమ్మెల్యేవి గదా, ఎక్కడన్నా పని ఇప్పించు."

మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే బావ తట్టుకోలేకపోయాడు. "రేపు రా, నూకమ్మా" అన్నాడు.

"ఎక్కడికి రావాల బాబూ? సెడ్డుకా, ఇక్కడికా?"

బావ నా వైపు చూశాడు. నేను గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు చూశాను.