ఊదించి తీసిన కొలతలు

మా పక్కింటి ఫింటన్ రోజూ పదింటికి గరాజ్ తలుపు ఎత్తి ట్రంపెట్ ఊదుతాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, పైపులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అతను ఊదని రోజు కాఫీ రుచించదు. ఈ సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఇంకా గట్టిగా ఊదుతాడు.

నేను చెప్పబోయేది మాత్రం ప్రమోద గురించి. షికాగో పక్కనున్న మా అరోరాలో మన ఆడవాళ్ళు సగం మంది వేసుకునే జాకెట్లు ప్రమోద బేస్‌మెంట్‌లో పుట్టినవే. నేను వెళ్ళి హుక్కులూ కాజాలూ కుట్టి పెడతాను. నేను చదివింది మూడో తరగతే. కాజా మాత్రం నాలా కుట్టేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

ప్రమోదకి యాభై దాటాయి. మనిషి మెత్తన. మీ నాన్నగారేం చేసేవారని ఎవరైనా అడిగితే "బట్టల వ్యాపారం అండీ" అని మెడలో టేపు సర్దుకుంటుంది. ఆ వ్యాపారమేమిటో నాకొక్కదానికే తెలుసు. వాళ్ళ నాన్న ఈశ్వరయ్య తెనాలిలో బ్యాండ్ మేళం వాళ్ళకి ఎర్ర కోట్లు కుట్టే దర్జీ. పట్టు జాకెట్లిచ్చే మహాతల్లులకి అది తెలిస్తే చులకన చేస్తారని ఆమె భయం. ఉత్త భయమేమీ కాదు. పెళ్ళిలో బ్యాండ్ లేకపోతే అలిగే జనమే, ఆ బ్యాండ్ కోటు కుట్టినవాడి కూతురంటే మూతి తిప్పుతారు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఫింటన్ చిరిగిన కోటు, పాత ఫొటో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. నాకొచ్చిన ఇంగ్లీషు నలభై మాటలు. మిగతాది మా అమ్మాయి విద్య తెలుగులో చెప్పింది.

ఫొటోలో ఎనిమిది మంది మగాళ్ళు, ఒకటే రంగు కోట్లు, చేతుల్లో ట్రంపెట్లూ గిటార్లూ. మధ్యలో ఫింటన్ వాళ్ళ నాన్న. అరవైల్లో ఐర్లండ్‌లో ఇలాంటి షోబ్యాండ్లు వందల్లో ఉండేవట. లండన్‌లోనో అమెరికాలోనో ఒక పాట హిట్టయితే చాలు, రేడియోలో విని నేర్చేసుకుని ఊరూరా డాన్సు హాళ్ళలో వాయించేవారట. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల్లో అక్కడ డాన్సులుండవు. పనిలేని ఆ రోజుల్లో ఓడో విమానమో ఎక్కి షికాగోలోని ఐరిష్ హాళ్ళకొచ్చి వాయించేవారట. అలా వచ్చిన వాళ్ళ నాన్న ఇక్కడే ఉండిపోయాడు.

"అంటే వాళ్ళ ఆషాఢం అన్నమాట," అన్నాను. మన బ్యాండ్ వాళ్ళకీ ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఈశ్వరయ్య ఏడాది కోట్లన్నీ ఆ నెలలోనే కుట్టేవాడని ప్రమోదే ఒకసారి చెప్పింది.

ఇప్పుడు ఫింటనూ ఏడుగురు స్నేహితులూ కలిసి ఆ బ్యాండ్‌ని మళ్ళీ లేపారు. ఏప్రిల్‌లో ఐరిష్ హాల్లో మధ్యాహ్నం డాన్సు. కొట్లో కొన్న కోట్లు వేసుకుని ట్రంపెట్లెత్తారో లేదో, చంకల్లో పర్రుమని చిరిగాయట.

"ప్రమోద కుడుతుంది," అన్నాను. ఆమెని అడిగింది లేదు, పెట్టింది లేదు.

"నేను బ్లౌజులే కుడతాను పిన్నిగారూ. కోట్లు నాకు రావు," అంది ప్రమోద, ఆ సాయంత్రం నేను ఆ కోటు పట్టుకెళ్ళి సంగతి చెప్పగానే.

"రావా? మీ నాన్న పక్కన మిషన్ తొక్కిందెవరే, పక్కింటి పిల్లా?"

"మెల్లిగా అండీ! ఎవరైనా వింటారు."

"విననీ. దొంగనోట్లు అచ్చేశాడా మీ నాన్న?"

ఆమె చిరిగిన కోటు తీసుకుని చంకలో రెండు వేళ్ళు పెట్టి చూసింది. "ఊరికే నిలబెట్టి కొలిచి కుట్టిందిది," అంది. "బాకా ఊదేవాణ్ణి అలా కొలవకూడదు." ఒప్పుకుందని నాకప్పుడే తెలిసిపోయింది.

శనివారం ఎనిమిది మంది ముసలాళ్ళూ బేస్‌మెంట్‌లోకి దిగారు. వాళ్ళ చేత ట్రంపెట్లెత్తించి, ఊపిరి నిండా పీల్చి ఊదుతుండగా టేపు చుట్టింది ప్రమోద. "బ్లో! మోర్, మోర్!" మెత్తని మనిషి గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. ఇల్లు అదిరిపోతోంది.

సరిగ్గా అప్పుడే గుడి కమిటీ దమయంతి జాకెట్ కోసం దిగింది. పట్టు జాకెట్ల బేరాల్లో సగం ఆవిడ తెచ్చేవే.

"ఏంటి ప్రమోదా, బ్యాండ్ మేళం పెట్టావా? మా మనవరాలి ఫంక్షన్‌కి బుక్ చేసుకోమంటావా?" అని పగలబడి నవ్వింది.

ప్రమోద చేతిలోంచి టేపు జారిపోయింది. "లేదండీ... నైబర్స్... ఊరికే..."

నాకు మాట నోటిదాకా వచ్చింది. దారం కొరుక్కుని ఊరుకున్నాను. అది ప్రమోద చెప్పుకోవలసిన మాట.

కోట్లు ఫొటోలోలాగే లేత నీలం. చంక కింద సమోసా ఆకారంలో ఒక ముక్క, వీపున కనపడకుండా ఒక మడత. చేతులు దించితే ఒంటికి అతికినట్టుంటాయి, ఎత్తితే ఆ మడత విచ్చుకుంటుంది. అదీ ఈశ్వరయ్య పనితనం.

డాన్సు రోజు హాలు నిండింది. దమయంతిని నేనే పనిగట్టుకుని పిలిచాను. ట్రంపెట్లు లేచాయి. అందరూ పాట వింటున్నారు, నేనూ ప్రమోదా చంకలు చూస్తున్నాం. ఒక్క దారం తెగలేదు. మూడో పాటకి కుర్చీలోనే నా కాలు ఆడింది. ఒప్పుకుంటాను.

ఆఖర్న ఫింటన్ ప్రమోదని స్టేజి మీదికి పిలిచి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని మైకు నోటి ముందు పెట్టాడు. ఆమె దమయంతిని చూసింది. నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను. ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది, ఆ రోజు టేపు లేదు.

"మై ఫాదర్," అంది. ఆ తర్వాత ఇంగ్లీషు వదిలేసింది. "మా నాన్న ఈశ్వరయ్య. తెనాలిలో బ్యాండ్ మేళం వాళ్ళకి కోట్లు కుట్టేవాడు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

దమయంతి ఏదైనా అంటుందేమోనని నాలిక నూరి పెట్టుకున్నాను. వాడే పని పడలేదు.

"తెనాలి ఈశ్వరయ్యా? బోస్ రోడ్డులోనా?" అని లేచి నిలబడింది. "మాదీ తెనాలి పెళ్ళే! మా బ్యాండ్ వాళ్ళ కోట్లు ఆయనవే అయ్యుంటాయి. ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"మీరు అడగలేదు కదండీ," అంది ప్రమోద స్టేజి దిగుతూ.

"అడిగింది. నాలుగుసార్లు అడిగింది," అన్నాను నేను. అబద్ధం వింటే నాకు పడదు.

మర్నాడు ఎనిమిది కోట్లూ మళ్ళీ బేస్‌మెంట్‌కి తెప్పించింది ప్రమోద. నా చేతికి సూది ఇచ్చి, మెడపట్టీ లోపల "ఈశ్వరయ్య, తెనాలి" అని తెలుగులో కుట్టమంది. ఆ ముసలాళ్ళలో ఒక్కరికీ చదవడం రాదు. రానక్కర్లేదు. ఎనిమిదింటా కుట్టాను. ఒక్క అక్షరం వంకర పోయిందేమో ఎవరైనా వచ్చి చూపించమనండి.