జోర్డాన్ తప్పిన బంతులు

చొప్పదండి బడిలో పీఈటీ లిడియాకు బాస్కెట్‌బాల్‌లో పాతకాలపు జోర్డానే గొప్ప. తమ్ముడు జేమ్స్‌కు ఈ కాలపు లెబ్రాన్. ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ ఇదే వాదులాట.

ఈ మధ్య మోకాలి ఆపరేషనయ్యాక ఆమె రెండు నెలలు మంచం దిగలేదు. జోర్డాన్ పాత మ్యాచులను మొదటినుంచి చివరిదాకా ఫోనులో చూసింది. చిన్నప్పుడు టీవీలో చూసినవన్నీ బంతి బుట్టలో పడ్డ ముక్కలే.

చూడవచ్చిన జేమ్స్ అడిగాడు. "ఏందక్కా, ఇంక జోర్డానే గొప్పోడా?"

"గాయన ఏసిన సగం బంతులు తప్పినయిరా. గప్పుడు మీదవడి ఆపేటోళ్లు, గిప్పుడు దూరంకెల్లి ఏస్తుండ్రు. రెండిట్ని ఎట్ల తూస్తం?"

"అంటే నువ్వు ఓడినట్టేనా?"

"గొప్పోడెవరో నాకెర్కలే. జోర్డాన్ తప్పినంక గూడ జంకకుండ మల్ల ఏసిండు. నాకు గదే నచ్చింది."

జేమ్స్ మంచం అంచున కూర్చుని, "ఏదీ, నాక్కూడ ఒక మ్యాచు వెట్టు" అన్నాడు.